పసిబిడ్డ కడుపులో గడ్డ: తొందరపడి పెట్టకూడని పేరు

ఐదు వారాల పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తున్న అమ్మమ్మ చేతికి, బొడ్డుకు కుడివైపున కొంచెం కిందుగా నిమ్మకాయంత గడ్డ తగిలింది. నొక్కితే పాప ఏడవలేదు; తోస్తే గడ్డ పక్కకు జారింది. వారం తర్వాత వాళ్లు నా స్కానింగ్ గదికి వచ్చేసరికి చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకదానిలో అండాశయపు తిత్తి అని రాసి ఉంది. రెండోది, కొన్ని క్యాన్సర్లలో పెరిగే ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే ప్రొటీన్ ఎన్నో రెట్లు పెరిగిందని చూపే రక్తపరీక్ష. "క్యాన్సరేనా అమ్మా?" అని ఆమె అడిగింది.

ఆ కుటుంబానికి నిద్ర లేకుండా చేసింది రెండో కాగితమే కనుక ముందు దాని సంగతి చెబుతాను. ఈ ప్రొటీన్ గర్భంలోని శిశువు కాలేయంలో విస్తారంగా తయారవుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో మిల్లీలీటరుకు పదుల వేల నానోగ్రాములు ఉండడం సహజం, అది పెద్దల స్థాయికి దిగడానికి ఇంచుమించు 8 నెలల నుంచి ఏడాది పడుతుంది. పెద్దల కొలతతో పోల్చి ఐదు వారాల బిడ్డకు ఎక్కువని అచ్చువేయడం అన్యాయం.

ఇక గడ్డ విషయం. నవజాత శిశువుల కడుపు గడ్డల్లో ఎక్కువ భాగం కిడ్నీలకు చెందినవే, ముఖ్యంగా మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బడం వల్ల వచ్చేవి. అందుకే ప్రోబ్‌ను, అంటే ఒంటికి ఆనించి చూసే స్కానింగ్ పరికరాన్ని, ముందు రెండు కిడ్నీల మీద పెడతాను. అవి బాగున్నాయి, కాలేయమూ, కిడ్నీల పైనుండే ఎడ్రినల్ గ్రంథులూ బాగున్నాయి. ఉన్నది నీటితిత్తి, బిడ్డ ఆడపిల్ల. తల్లి హార్మోన్ల ప్రభావంతో పసిపిల్లల అండాశయాల్లో తిత్తులు రావడం, కటి ఇరుకు కావడం వల్ల అవి పైకి కడుపులోకి చేరడం తెలిసిందే కనుక, మొదటి రిపోర్టు రాసినవారి ఊహను నేను తప్పుపట్టను. అయితే అవి చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి ఆ పేరు పెడితే వేచి చూడమంటారు. నా భయమంతా అక్కడే.

గోడను దగ్గరగా చూస్తే లోపల సన్నని తెల్లని గీత, దాని చుట్టూ నల్లని పొర కనిపించాయి. పేగు లోపలి పొర, కండరపు పొర సరిగ్గా ఇలాగే ఉంటాయి. పుట్టుకతోనే పేగుకు అంటుకుని, పేగు లాంటి గోడతో ఉండే తిత్తి, అంటే డూప్లికేషన్ సిస్ట్ లక్షణమిది. కానీ మెలిపడిన అండాశయపు తిత్తి కూడా ఒక్కోసారి ఇలా రెండు పొరలుగా కనిపించి మోసం చేస్తుంది. తల్లిని పాలు పట్టమని, ప్రోబ్ కదపకుండా చూస్తూ కూర్చున్నాను. కొన్ని నిమిషాలకు తిత్తి గోడ ఒకచోట మెల్లగా నొక్కుకుని, మళ్లీ వదులైంది. ఆ కదలిక పేగుది. అండాశయానికి అది ఉండదు. వెతికితే రెండు అండాశయాలూ విడిగా దొరికాయి.

ఈ తిత్తుల్లో కొన్నింటి లోపల జీర్ణాశయపు పొర ఉండి, ఆమ్లం ఊరి రక్తస్రావం కావచ్చు. పేగు మెలిపడవచ్చు, ఒక పేగు మరో పేగులోకి చొచ్చుకుపోవచ్చు. ఆ సాయంత్రమే పిల్లల సర్జన్‌తో మాట్లాడాను. అమ్మమ్మకు మాత్రం, "పేగుకు అంటుకుని పుట్టిన నీటితిత్తిలా ఉందమ్మా, ఆపరేషన్ చేసి తీసేయాలి, మీ చేతికి తగలడం మంచిదైంది" అని చెప్పాను.