చెవిలో పత్తి, పత్తి జాగాల భారతం

కార్తీకంల బిడ్డ పుట్టింది. ఆపరేషన్ కాన్పు. కుట్లతోని మిర్యాలగూడ దగ్గర మా తల్లిగారింటికి వచ్చి పడ్డ. రెండు మూడు గంటలకోసారి పాలు. పగలు ఎట్లనో గడుస్తది, మంది ఉంటరు. రాత్రి జాములే ఒడ్వకపోయేటివి. పాలు తాగుడు ఇరవై నిమిషాలు, భుజాన వేసుకొని తేన్పు తెప్పిచ్చుడు ఇంకో పావుగంట. తేన్పు రాకముందే పండబెడితే కక్కుతది. గోడకు ఆనుకుంటె నాకే కునుకు పట్టేది. ఒకసారి తల వాలి, ఒళ్లెకెల్లి బిడ్డ జారబోయింది. ఆ భయానికే ఫోన్‌ల సీరియల్ పెట్టుకున్న.

మొదలు హత్యల సిరీస్ ఒకటి చూసిన. గుండెదడ. రెండు రోజులకే బంద్ చేసిన. ఆఖరుకు బీఆర్ చోప్రా మహాభారత్ దొరికింది. 94 ఎపిసోడ్లు. ఒక పాలు, ఒక తేన్పు, ఒక ఎపిసోడ్. కథ తెలిసిందే గద, నడుమ బట్ట మార్చనీకె లేచినా ఏం పోదు.

బాలింత ఫోన్ చూస్తే కండ్లు గుంజుతయని అమ్మ గొడవ. శీతం కొడ్తదని నా రెండు చెవులల్ల పత్తి పెట్టి మీదికెల్లి రుమాలు కట్టేది. అమ్మ పండుకున్నంక కుడి చెవి పత్తి తీసి మెత్త కింద దాచి, ఆ జాగాల ఇయర్‌ఫోన్ పెట్టుకునేదాన్ని. పొద్దున సాంబ్రాణి పొగ వేసే యాళ్లకు మళ్ల పత్తి. వారం దాక ఎవ్వరికీ ఎరుకలేదు.

కుంతి పసిగుడ్డును పెట్టెల పెట్టి నీళ్లల్ల ఇడిసే కాడ దొరికిపోయిన. ఒళ్లె నా బిడ్డ పాలు తాగుతున్నది. వెక్కిళ్లు ఆగలే. అమ్మ దబ్బున లేచింది.

"కుట్లు గుంజుతున్నయా బిడ్డా?"

"కాదే అమ్మా... కర్ణున్ని ఏట్ల ఇడిసింది."

తిడ్తదనుకున్న. "పత్తి యాడ పెట్టినవే?" అన్నది, అంతే. పక్కకొచ్చి కూసున్నది. 1988 నుంచి 90 దాక ఆదివారం పొద్దున దూరదర్శన్‌ల అది వచ్చేటప్పుడు వాళ్ల ఊర్ల ఒక్కింట్లనే టీవీ అంట. కర్ణుడు చచ్చిన వారం మా తాత అన్నం ముట్టలేదంట.

అప్పట్నుంచి దినానికి ఒక్కటే, మూడు గంటల పాలకు, అమ్మతోని. ఆమెకు హిందీ సగమే ఎక్కుతది. మిగిలిన సగం తనే కల్పించి నాకు చెప్తది. అదే బాగుండేది.

ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లనే చెప్పింది. నాకు ఎరుకే. అప్పుడే పుట్టిన బిడ్డకు జానెడు దూరం దాటితే సక్కగ ఆనదు, పైగ ఫోన్ ఆమె తల ఎనుకకే ఉండేదని మనసుకు సర్దిచెప్పుకున్న. మూడో నెల పడ్డంక ఒక రాత్రి రొమ్ము ఇడిసి, మెడ తిప్పి, ఆ ఎలుగు దిక్కు చూసింది. నోట్లె పాలు చెంప మీదికెల్లి కారుతున్నయ్. ఫోన్ బోర్లేసిన.

"ఇంకెన్ని ఉన్నయే?" అని అమ్మ రోజూ అడుగుతది. భీష్ముడు ఇంకా అంపశయ్య మీదనే ఉన్నడు.