మూడో వరుస

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమనగానే మనవాళ్లు మైదానం గురించో, గేటు బయట రేగుపండ్లమ్మిన అవ్వ గురించో రాస్తారు. నాకు మాత్రం మ్యూజిక్ గదిలోని నల్లబల్ల, దాని మీద ఎర్ర సుద్దముక్కతో రాసిన ఆఖరి గీత గుర్తొస్తాయి.

1980ల్లో కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి సైకిళ్ల మీద బడికొచ్చిన మందలో నేనొకణ్ని. ఏడో తరగతికి నా గొంతింకా మారలేదు. మ్యూజిక్ సార్ నన్నూ, ఇంకో నలుగురినీ తీసుకుపోయి ఆడపిల్లల పక్కన నిలబెట్టారు. క్లాసంతా కిసకిసలు. మేం తలలు దించుకున్నాం.

"నవ్వుడెందుకురా? దీన్ని ట్రెబుల్ గొంతంటరు. ఆడపిల్లలకైతే ఉంటది, మీకు ఎల్లుండి పోతది. ఉన్నన్ని దినాలు పాడుండ్రి" అన్నారాయన.

ఆయన పాఠం చెప్పే తీరే వేరు. స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి, జోలికి పోకుండా స రి గ మలనే మూడు గీతల్లో ఒకదాని కింద ఒకటి రాసేవారు. పైది తెల్ల సుద్ద, నడుమది పసుపు, కిందిది ఎరుపు. మూడు గుంపులు మూడు గీతలనూ ఒకేసారి పాడాలి. అసలు పాట తెల్లగీతలో ఉంటుంది. మా అయిదుగురికీ ఎప్పుడూ ఎర్రగీతే. పాట ఎంత పైకి ఎగిరినా మేం ఆ షడ్జం, ఆ పంచమం దగ్గరే తచ్చాడాలి. ఒకసారి బతుకమ్మ పాట వరుస తీసుకుని మూడు గొంతులకు కట్టారు. తెల్లగీత వాళ్లకు ముచ్చటైన పాట దొరికితే మాకు దొరికింది ఒక్క "ఉయ్యాలో". అదీ ఒకే స్వరం మీద, నాలుగు మాత్రల పొడుగున.

"సార్, మాది పాటే కాదు" అన్నాన్నేను.

"మీ అమ్మ బతుకమ్మ పేరుస్తదా? ముందు ఏం పెడ్తది?"

"తాంబాళంల గుమ్మడాకులు. వాటి మీద తంగేడు."

"గౌరమ్మను చూసినోళ్లు గుమ్మడాకును చూస్తరా? గుంజి చూడు, ఏమైతదో."

ఆ తర్వాత నేను నోరు మూసుకుని, అంటే నోరు తెరిచే, ఆ "ఉయ్యాలో" పాడాను.

మన ఊరి బతుకమ్మ ఆటలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లంతా అదే వరుసలో అందుకుంటారు. వందమంది ఉన్నా వరుస ఒక్కటే. మన చెవికి అలవాటైంది అదే. అందుకే హన్మకొండలో ఒక పోటీకి పోయినప్పుడు మాకు జరిగింది చెప్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం కడుపు మండుతుంది కూడా. న్యాయనిర్ణేత మైకు తీసుకుని, "పిల్లలు బాగా కష్టపడ్డరు గానీ అందరూ ఒక్క రాగంల పాడితే బాగుండు" అన్నారు. ఆఖరి స్థానం మాదే. సార్ మాత్రం హార్మోనియం బెల్లోసు మూసి కొక్కెం పెడుతూ, "మూడు వరుసలూ ఆయనకు వినవడ్డయి, అది చాలు" అన్నారు.

తొమ్మిదిలో ఆయన అన్న ఎల్లుండి వచ్చింది. ఓ ఉదయం ప్రార్థనలో నా గొంతు రెండు ముక్కలైంది. ఈసారి పెద్ద మగపిల్లల్లో నన్ను ఆఖరి వరుసలో, మగగొంతుల్లో అన్నిటికన్నా కిందిదైన బేస్‌లో నిలబెట్టారు. పాట అదే. ఆడపిల్లల అయిదు శ్రుతి నుంచి ఒకటి శ్రుతికి దింపుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాం. దింపి చూశాం. పైన గాజుల గలగలలా ఉన్న స-గ-పలు కింద గొంతుల్లో పడేసరికి బురదలో ఎడ్లబండి దిగబడ్డట్టు మొద్దుగా వినిపించాయి.

అప్పుడు ఆయన తంబూరా తీసి మంద్రం తీగ ఒక్కటే మీటారు. "చెవి ఆనించు. ఎవ్వలు మీటకున్నా గాంధారం వస్తుందా?" వచ్చింది, సన్నగా, పైనెక్కడో. ఒక్క స్వరంలోనే పైస్వరాలు దాగుంటాయట. కింద అవి దూరదూరంగా, పైకి పోయేకొద్దీ దగ్గరదగ్గరగా ఉంటాయి. కాబట్టి మగగొంతులకు కట్టేటప్పుడు బేస్‌ను షడ్జం కిందున్న మంద్ర పంచమం దాకా దూరంగా దింపి, గాంధారాన్ని పైనున్న మగగొంతులకు, అంటే టెనర్లకే వదిలేయాలి. ఆడపిల్లలకు ఆ వీలు లేదు. అయిదు శ్రుతిలో షడ్జం కిందికి పోతే చాలామందికి గాలి తప్ప స్వరం రాదు. అందుకే వాళ్లకు గొంతులన్నీ దగ్గరగా అల్లాలి. రెండింటికీ పాట ఒక్కటే అయినా కట్టుడు మళ్లీ మొదటినుంచే. ఆ వారం ఆయన నల్లబల్ల మొత్తం చెరిపేసి, ఈసారి నాలుగు గీతలు గీశారు.

చాన్నాళ్ల తర్వాత ఆస్ట్రియా సంగీతకర్త షూబర్ట్ కథ ఒకటి చదివాను. 1827లో వియన్నాలో ఆనా ఫ్రోలిచ్ అనే సంగీతం టీచరు తన శిష్యురాళ్ల కోసం పాట కట్టిమ్మంటే ఆయన మగగొంతుల బృందానికి కట్టి తెచ్చాడట. నా ఆడపిల్లలు పాడాలి కదా అని ఆమె వెనక్కిస్తే, మళ్లీ కూర్చుని ఆడగొంతులకు కట్టాడు. ఇప్పుడు ఆ రెండు రూపాలూ ఉన్నాయి. ఇంగ్లండు సంగీతకర్త హోల్స్ట్ సంగతి ఇంకా ముచ్చటైంది. లండన్‌లో ఒక బాలికల బడిలో సంగీతం చెప్పుకుంటూనే సంస్కృతం నేర్చుకుని, ఋగ్వేద సూక్తాలను ఇంగ్లీషులోకి తెచ్చి బృందగానాలుగా కట్టాడు. వాటిలో మూడో గుచ్ఛం ఆడగొంతులకు, తోడుగా హార్ప్ అనే తీగల వాద్యం. అందులో ఉషస్సు మీద పాటుంది. నాలుగోది మగగొంతులకు, అగ్ని, ఇంద్రుడు అందులో ఉన్నారు. ఉషస్సును ఆడపిల్లలకూ, అగ్నిని మగవాళ్లకూ పంచడంలో ఆ కాలపు ఆలోచన కనిపిస్తుంది గానీ, విన్నప్పుడు మాత్రం నేను ఎర్రగీత కోసమే వెతికాను. మా సార్‌కు ఇవి తెలుసో లేదో ఎప్పుడూ అడగలేదు.

పోయిన సంక్రాంతికి మన బ్యాచ్ హన్మకొండలో కలిసినప్పుడు, భోజనాలయ్యాక ఎవరో "ఆ పాట ఎత్తుకోండ్రిరా" అన్నారు. తెల్లగీత వాళ్లిద్దరూ రాలేదు. ఒకడు డల్లాస్‌లో, ఇంకొకడు అదే రోజు డ్యూటీలో. పసుపుగీతవాడు గొంతు బాగాలేదని కుర్చీ వెనక్కి జరిపాడు. మిగిలింది మేం ముగ్గురు బేస్‌లం. సరే, ముగ్గురమే లేచి నిలబడి ఆ మంద్ర పంచమం, ఆ "ఉయ్యాలో", నాలుగు మాత్రల చొప్పున మొదటినుంచి చివరిదాకా ఒక్క స్వరం తప్పకుండా పాడాం.

అయిపోయాక మా ఆవిడ ఓపిగ్గా అడిగింది: "మరి పాట ఎప్పుడు మొదలువెడ్తరు?"