గోదారి పుట్టినచోటు, ద్రాక్ష పందిళ్ళు

రాజమండ్రిలో పెరిగినవాళ్ళకి గోదారంటే అవతలి గట్టు లీలగా కనిపించేంత నీరు. పుణెలో ఎమ్మెస్సీకి చేరినప్పటి నుంచీ అది పుట్టినచోటు చూడాలని ఉంది. ఫిబ్రవరిలో ఇంటర్నల్స్ అయ్యాక, "నాసిక్ దగ్గర మా మామయ్య ద్రాక్షతోటలో కోతలు మొదలయ్యాయి, వస్తావా?" అని క్లాస్‌మేట్ అడిగాడు. రెండూ కలిసొచ్చాయని శుక్రవారం రాత్రి బస్సెక్కేశాం.

నాసిక్ నుంచి గోదారి పుట్టిన త్ర్యంబకం ముప్ఫై కిలోమీటర్లలోపే. పొద్దున్నే వెళ్ళినా క్యూ అప్పటికే మెలికలు తిరిగి ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠాల ప్రధాని పీష్వా బాలాజీ బాజీరావు కట్టించిన నల్లరాతి గుడి. అందర్నీ గర్భగుడిలోకి పోనివ్వరు. గడప ఇవతల నుంచే దణ్ణం పెట్టుకోవాలి. లింగం పైకి లేచి ఉండదు. పానవట్టం మధ్యలో చిన్న గుంట, అందులో బొటనవేలంత మూడు లింగాలు: బ్రహ్మ, విష్ణువు, మహేశ్వరుడు. దూరం నుంచి గుంటలోకి చూపు పోదు కాబట్టి పైన అద్దం పెట్టారు. నేను ఆ అద్దంలో వెతుక్కునేలోపే "చలా, చలా" అంటూ ముందుకి తోసేశారు. కొండంత దేవుణ్ణి చూడ్డానికి వచ్చి, గోరంత రూపం కోసం కళ్ళు చికిలించడం నాకు భలే నచ్చింది.

గుడికి కాస్త దూరంలో కుశావర్తం, నాలుగు వైపులా రాతిమెట్లున్న కోనేరు. బ్రహ్మగిరి కొండ మీద నుంచి గోదారిగా పారిపోతున్న గంగని గౌతముడు దర్భలతో ఇక్కడ ఆపాడని కథ. గోదారికి గౌతమి అన్న పేరు ఆయన వల్లే. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడు మనకి పుష్కరాలైతే వీళ్ళకి సింహస్థ కుంభమేళా. 2015లో రెండు చోట్లా జనం పోటెత్తారు. అమ్మ ఫోన్ చేసి సీసాలో నీళ్ళు పట్టుకురమ్మంది. గోదారి గట్టున ఇల్లు పెట్టుకుని గోదారి నీళ్ళు తెమ్మనడమేంటని నవ్వితే, "పుట్టింటి నీళ్ళురా" అంది. పట్టాను.

బ్రహ్మగిరి మెట్లెక్కి, గోదారి ధార కనిపించే గంగాద్వారం దాకా వెళ్ళాం. కోతుల చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ పోయింది. మెట్లు నిటారుగా ఉన్నాయి, ఎండెక్కకముందే ఎక్కడం మేలు. ఈ కొండ నుంచి అరేబియా సముద్రం ఎనభై కిలోమీటర్లే. అయినా నది అటు చూడకుండా, తూర్పుకి తిరిగి 1,465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తుంది.

తోట గంగాపూర్ డ్యాం వైపు. ఆ డ్యాం గోదారి మీదే కట్టారు, అంటే డ్రిప్ పైపుల్లో బొట్టుబొట్టుగా పడేదీ ఆ నీరే. తినే ద్రాక్షకి తలెత్తు పందిరి, వైను ద్రాక్షకి నిలువు తీగల కంచె. పందిరి కింద వంగి నడుస్తుంటే ప్రతి గెలకీ పాత మరాఠీ పేపరు చుట్టి ఉంది. ఎండకి కాయ గులాబీ రంగు తిరిగితే ఎగుమతికి పనికిరాదట. మామయ్య ఒక పేపరు విప్పి, కాయ చిదిమి, రసం బొట్టుని, తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి నా కంటికి ఆనించాడు. నీలానికీ తెలుపుకీ మధ్య గీత పద్దెనిమిది దగ్గర ఆగింది. వైను రకాలైతే ఇరవై దాటేదాకా తీగ మీదే ఉంచుతారు. ఆ తీపే తర్వాత మత్తుగా మారేది. ఏటా రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు, ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఇంకోసారి. పంట మాత్రం ఒక్కటే. అక్టోబరు కత్తిరింపయ్యాక అకాల వాన పడితే నిద్రుండదని అత్తయ్య అంది. అప్పు ఊసు ఆవిడ ఎత్తలేదు గానీ, తోటకి కొట్టే మందుల డబ్బాల వరస చూస్తే అర్థమైంది.

మర్నాడు దగ్గర్లోని ఒక వైనరీకి వెళ్ళాం. వయసు కోసం కార్డు చూసి లోపలికి పంపారు. ఎర్ర వైనుకి రంగు తొక్క నుంచే వస్తుందని, అందుకే తొక్కలతో కలిపి పులియబెడతారని, తెల్లదానికి ముందే రసం పిండేస్తారని గైడ్ చెప్పింది. చల్లటి స్టీలు ట్యాంకుల మధ్య ఇది వినడం బాగుంది. టేస్టింగ్ మాత్రం నాకు ఎక్కలేదు. షిరాజ్ అనే ఎర్ర వైనులో మిరియం వాసన వస్తుందన్నారు. నాకు వగరు తప్ప ఏమీ తగల్లేదు. తెల్ల వైను షెనిన్ బ్లాంక్ పర్వాలేదు. ఆ గ్లాసుల ఖర్చుకి ఎన్ని కిలోల ద్రాక్ష వస్తుందో నా ఫ్రెండు లెక్కేస్తూ కూర్చున్నాడు, రైతింటి మేనల్లుడు కదా.

సాయంత్రం బస్సుకి మామయ్య ఒక పెట్టె కట్టిచ్చాడు. దారిలో సంగమ్‌నేర్ దాటేసరికి సగం ఖాళీ.