చివరి దెబ్బ మాంక్‌ది కాదు

మా అన్నయ్య కొడుక్కి నా మీద కోపం. మేం కలిసి ఆడే వీడియో గేములో నాది మాంక్, అంటే ఒట్టి చేతులతో కొట్టే సన్యాసి. వాడిది బార్బేరియన్, అంటే మొరటు యోధుడు. రాత్రి ఆ ఆటలో, బల్డర్స్ గేట్ 3లో, గిథ్‌యాంకీలనే యోధజాతితో ఫైటు గెలిచాక కూడా వాడి మొహంలో సంతోషం లేదు. "నీ మాంక్ ఏటీ చంపలేదత్తా, అందర్నీ నేనే చంపాను" అని కంట్రోలర్ పక్కన పెట్టి పడుకోడానికి వెళ్లిపోయాడు. వాడన్నది నిజమే, చివరి దెబ్బలన్నీ వాడి బార్బేరియన్ గొడ్డలివే. కానీ ఆ గొడ్డలి అంత తీరిగ్గా ఎలా దిగిందో వాడు చూసుకోలేదు.

ఇవాళ షాపులో పని మామూలే. స్కాలర్‌షిప్ ఫారాలు, ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. పర్లాకిమిడిలో ఈ పనికి రెండు భాషలూ రావాలి. ఫారం ఒడియాలో ఉంటుంది, దాన్ని పట్టుకొచ్చిన ముసలాయన తెలుగులో అడుగుతాడు, పక్కనున్న మనవడు రెండూ కలిపి చెప్తాడు. మధ్యాహ్నం కరెంటు పోయి లామినేషన్ మెషీన్ చల్లారిపోయాక కాస్త ఖాళీ దొరికింది. అప్పుడు రాత్రి ఫైటు మొదటి నుంచీ మళ్లీ గుర్తు చేసుకున్నాను.

కొండ దారిలో విరిగిన వంతెన దగ్గర వాళ్లు కాపు కాస్తుంటారు. వాళ్ల నాయకుడు వాస్ ఎర్ర డ్రాగన్ మీద ఎగిరిపోతాడు, మిగిలిన జట్టు మన మీద పడుతుంది. మాది ఐదో లెవెల్. వాళ్లు ఒక్క టర్న్‌లోనే, అంటే తమ వంతు ఒక్కసారి రాగానే, రెండేసి దెబ్బలు వేస్తారు, దూరంగా ఉన్నా గెంతి మీదకొచ్చేస్తారు. అందుకే అక్కడ ఎంత కొట్టామన్నదాని కంటే వాళ్లవి ఎన్ని టర్న్‌లు పోగొట్టామన్నదే నేను చూసుకుంటాను.

నా మాంక్ టర్న్ రాగానే దగ్గరున్న యోధుణ్ణి వదిలేసి వెనకాల మంత్రాలు వేసే వాడి దగ్గరికి పరిగెత్తించాను. కవచం వేసుకోని మాంక్‌కి రెండో లెవెల్ నుంచే మూడు మీటర్ల నడక ఎక్కువ వస్తుంది కాబట్టి పన్నెండు మీటర్లు ఒక్క ఊపులో దాటొచ్చు. మొదటి దెబ్బే స్టన్నింగ్ స్ట్రైక్, శత్రువుని స్టన్ చేసి, అంటే కదలకుండా చేసి, వాడి టర్న్ పోగొట్టేది. వాడు తట్టుకున్నాడు. ఐదో లెవెల్‌లో రెండో దెబ్బ కూడా ఉంటుంది కదా, మళ్లీ అదే వేశాను. ఈసారి స్టన్ అయ్యాడు. ఇంకా బోనస్ యాక్షన్, అంటే అదే టర్న్‌లో అదనంగా చేసే పని, మిగిలే ఉంది. పక్కనున్న వాడి మీద ఫ్లరీ ఆఫ్ బ్లోస్, అంటే వెంటవెంటనే రెండు గుద్దులు, అందులో పడగొట్టే రకం, టాపుల్. వాడు నేల మీద పడ్డాడు. మూడు కీ పాయింట్లతో (మాంక్ ప్రత్యేక దెబ్బలకి ఖర్చయ్యే శక్తి) ఇద్దరు ఆగిపోయారు.

మావాడి గొడ్డలి పని ఆ తర్వాత మొదలైంది. స్టన్ అయినవాణ్ణి కొట్టేటప్పుడు పాచిక రెండుసార్లు పడుతుంది, పెద్ద అంకె తీసుకుంటారు. బార్బేరియన్‌కి ఆ లాభం రెక్‌లెస్ అటాక్‌తో సొంతంగానూ వస్తుంది. కానీ అలా కొడితే శత్రువులకీ వాడి మీద అదే లాభం దక్కుతుంది. రాత్రి వాడికి ఆ అవసరమే రాలేదు. సగానికి పైగా ప్రాణంతో ఫైటు ముగించాడంటే కారణం ఇదే. ఆ లెక్క తెర మీద అంకెల్లో కనిపించదు.

ఎవర్ని స్టన్ చెయ్యాలో ఎంచుకోవడంలోనే మాంక్ ఆట ఉంటుంది. స్టన్‌ని తట్టుకోవడం శరీర దారుఢ్యం మీద ఆధారపడుతుంది. బక్కపలచని మంత్రగాళ్లు తొందరగా పడిపోతారు. ఓగర్ లాంటి బండల మీద అది వృథా, వాళ్లకి టాపుల్ మేలు, ఎందుకంటే అక్కడ చూసేది చురుకుదనం. కింద పడ్డవాడు పట్టి ఉంచిన మంత్రం కూడా తెగిపోతుంది. చుట్టూ మూగినప్పుడు స్టాగర్ అనే ఇంకో రకం ఫ్లరీ వేస్తే వాడికి రియాక్షన్, అంటే మన టర్న్‌లో తిరిగి కొట్టే అవకాశం, ఉండదు, వెనక నుంచి దెబ్బ పడకుండా నడిచి వెళ్లిపోవచ్చు. అంచు మీద నిలబడ్డవాడికి పుష్. లోయలో పడితే వాడి సామాను మనకి దక్కదు, అందుకే మంచి కత్తి ఉన్నవాణ్ణి నేను తొయ్యను.

కీ దాచుకోవడం నాకు ఇష్టం ఉండదు. షార్ట్ రెస్ట్ తీసుకుంటే మొత్తం తిరిగొస్తుంది, లాంగ్ రెస్ట్‌కీ లాంగ్ రెస్ట్‌కీ మధ్య అలాంటివి రెండు దొరుకుతాయి. జట్టులో బార్డ్, అంటే పాటగాడు, ఉంటే మూడోది కూడా. మొదటి రౌండులో ఆపిన శత్రువు విలువ ఆఖరి రౌండులో ఆపిన వాడికి ఉండదు.

బలం పెంచి, టావర్న్ బ్రాలర్ అనే ప్రత్యేక నైపుణ్యం (ఫీట్) తీసుకుని, రాక్షస బలమిచ్చే ఎలిక్సిర్ తాగి కొట్టే మాంక్ దెబ్బ చాలా పెద్దది. మావాడు నన్ను అలా మార్చమని అడుగుతూనే ఉన్నాడు. ఆటలో విథర్స్ అనే పాత్రకి వంద బంగారు నాణాలిస్తే అన్నీ మళ్లీ రాసుకోవచ్చు కూడా. నాకు మనసొప్పదు. మాంక్ రక్షణ అంకె పది మీద చురుకుదనం, వివేకాల వల్ల వచ్చే బోనస్‌లు కలిపి వస్తుంది. మొదట్లో పదిహేడూ పదహారూ పెట్టుకుంటే ఒక్కోదానికి మూడేసి బోనస్, కవచం లేకుండానే పదహారు. ఆ వివేకమే స్టన్ తప్పించుకోవడాన్ని కష్టం చేస్తుంది. దాన్ని తగ్గించుకుంటే దెబ్బ పెరుగుతుంది గానీ, నాకు కావలసిన పని చెయ్యలేను.

2020లో ఈ ఆట ముందస్తుగా అమ్మకానికి వచ్చినప్పుడు అందులో మాంక్ లేనే లేడు. 2023 ఆగస్టులో పూర్తి ఆటతో పాటు వచ్చాడు. ఆ ఎదురుచూపు నాకు బాగా గుర్తు.

రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు అమ్మ అడిగింది, "సన్యాసి మనుషుల్ని కొట్టడమేటే?" అని. చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అమ్మ అక్కడికి వెళ్లొచ్చింది. ఎర్ర బట్టలు కట్టుకున్న చిన్న పిల్లలు వరసగా కూర్చుని చదువుకుంటుంటే చూసి కళ్లు తుడుచుకుందట. ఆవిడకి సన్యాసి అంటే వాళ్లే. ఆటలో మాంక్‌ది వేరే కథ, కల్పించిన లోకం అని చెప్పాను. "మరైతే తక్కువ కొట్టు" అంది. బాణాన్ని చేత్తో పట్టుకుని విసిరినవాడి మీదకే తిప్పికొట్టడం మాత్రం చూపించాను. అది ఆవిడకి నచ్చింది, మళ్లీ చూపించమంది.

మావాడు పప్పు కలుపుకుంటూ అంతా విన్నాడు. ఆరో లెవెల్ వస్తే నా లాంటి ఓపెన్ హ్యాండ్ రకం మాంక్‌కి హోల్‌నెస్ ఆఫ్ బాడీ అనే శక్తి వస్తుందనీ, సగం కీ తిరిగొచ్చి మూడు టర్న్‌ల పాటు ఇంకో బోనస్ యాక్షన్ దొరుకుతుందనీ వాడికి చెప్పాను. అంటే ఒక్క టర్న్‌లో రెండు ఫ్లరీలు. "అయితే నలుగుర్ని పడగొడతావా?" అన్నాడు. నలుగురు కాదుగానీ ముగ్గురికి తగ్గదన్నాను. శనివారం అన్నయ్యా వదినా పలాస పెళ్లికి వెళ్తున్నారు, టీవీ మాకే. ఆటలోని రోజీమార్న్ మఠంలోకి వెళ్దామన్నాడు, దాని కింద ఇంకా చాలామంది గిథ్‌యాంకీలున్నారు. ముందు వాడికి ఇంకో మంచి గొడ్డలి చూసి కొనాలి.