రివర్స్ ఎటుందన్నా? యాక్టింగ్ డ్రైవర్‌గ నా మొదటి నెల

హెవీ లైసెన్స్ చేతికొచ్చిన రోజు మా ఇంట్ల మటన్ వండిన్రు. నాలుగు రోజులు జేబులకెళ్ళి తీసుడు, చూసుకునుడు, మళ్ళ పెట్టుకునుడు, ఇదే పని. అయిదో రోజు రాత్రి ఫోన్ వచ్చింది, రేపు మబ్బుల అయిదింటికి ములుగు రోడ్డు మీద బండి ఉంటది పోయి తీసుకో అన్నడు ఏజెంటు, గంతే, ఆ నిమిషం నుంచి కడుపుల ఒకటే తిప్పుడు. తెల్లారేదాక మూడుసార్లు లేచిన. మా ఇంటామె లైట్ వేసి "అన్నం పడలేదా" అన్నది, పడలేదు అన్న, బుగులైతాంది అని పెండ్లాంకు చెప్పుడు నామోషి కదా.

నేను కొత్తగ స్టీరింగ్ పట్టినోన్ని కాదు. ఆరేండ్లు ట్రాలీ నడిపిన, తర్వాత బొలెరో పికప్, వరంగల్ చౌరస్తల కూరగాయల లోడు తోని సందుల్లకెళ్ళి బండి తీసినోన్ని. కారు లైసెన్స్ ఉండి ఏడాది దాటితేనే హెవీకి లర్నింగ్ ఇస్తరు, నాకు ఆ ఏడాది ఎప్పుడో దాటింది గని ధైర్యం రానీకి ఇన్నేండ్లు పట్టింది. సిరిసిల్ల దగ్గర మండెపల్లిల అశోక్ లేలాండోళ్ళు, సర్కారు కలిసి పెట్టిన డ్రైవింగ్ స్కూల్ ఉంది కదా, అక్కడ నేర్చుకున్న. మంచిగనే నేర్పిన్రు. గని అక్కడ పక్కన సార్ కూసుంటడు, ముందర ఖాళీ ట్రాక్, వెనుక హారన్ కొట్టేటోడు ఒక్కడు లేడు. అది నేర్చుకునుడే, బతుకుదెరువు కాదు.

యాక్టింగ్ డ్రైవర్ అంటే తెల్వనోళ్ళకు చెప్తా. లారీకి రెగ్యులర్ డ్రైవర్ ఉంటడు, ఆయన ఇంట్ల పెండ్లో, జ్వరమో, సమ్మక్క మొక్కో వస్తే ఆ రెండు మూడు రోజులకు బండెక్కేటోడు యాక్టింగ్. హన్మకొండల మాకు పని చూపెట్టే ఆఫీసంటే ఒక టేబులు, రెండు ఫోన్లు, ఒక రిజిస్టరు. ఓనర్లు ఆయనకు ఫోన్ చేస్తరు, ఆయన మాకు చేస్తడు, మధ్యల ఆయన కటింగ్ ఆయనది. ఇండ్ల అసలు కష్టం ఏందంటే రోజుకో బండి. రెగ్యులర్ డ్రైవర్‌కు బండి అంటే పెంచుకున్న ఎద్దు లెక్క, ఎప్పుడు మొరాయిస్తదో ఎప్పుడు తంతదో ఆయనకు ఎరుకే. మనం పొద్దున్నే పోయి ఎవలదో ఎద్దుకు కాడి కడుతున్నం.

ఇగ మొదటి రోజు ముచ్చట. టాటా 10 టైర్ల బండి. వాచ్‌మన్ తాళంచెవి చేతిల పెట్టి పోయి పండుకున్నడు. ఎక్కిన, స్టార్ట్ చేసిన, బజర్ మోగుతాంది. గేర్ వేసిన, హ్యాండ్ బ్రేక్ తీసిన, క్లచ్ వదిలిన, బండి కదలలే, ఆగిపోయింది. మళ్ళ స్టార్ట్ చేసిన, మళ్ళ ఆగింది. వెనుక ఇంకో లారీ బయటికి పోవాలె, వాడు హారన్ మీద చెయ్యి తీస్తలేడు, నా చేతులకు చెమట, స్టీరింగ్ జారుతాంది, బజర్ ఒకటే కూత. నిజం చెప్తున్న, తాళంచెవి అండ్లనే వదిలి గోడ దుంకి పోదామనుకున్న.

పక్క లారీ అద్దం పేపర్‌తోని తుడుస్తున్న ఒక పెద్దమనిషి, అరవై దగ్గర ఉంటయి, మెల్లగ వచ్చి డోర్ మీద రెండు దెబ్బలు కొట్టిండు. "గాలి ఎక్కనీయి బిడ్డా. మనం చాయ తాగకుంట కదులుతమా, దానికి సుత ఐదు నిమిషాలియ్యాలె" అన్నడు. అప్పుడు సోయి వచ్చింది. రాత్రంతా ఆగిన బండిల గాలి దిగిపోతది. ఎయిర్ ట్యాంకులల్ల గాలి నిండి ముల్లు పైకెక్కి 7, 8 దగ్గరికి రావాలె, బజర్ ఆగాలె, అప్పటిదాక వెనుక చక్రాల స్ప్రింగ్ బ్రేకు పట్టుకునే ఉంటది. లారీల గాలి లేకపోతే బ్రేకు వదలదు. ఇది నాకు తెల్వదా అంటే తెలుసు, పరీక్షల అడిగితే చెప్పిన గూడ. బుగుల్ల మనిషికి తెలిసింది గూడ యాదికి రాదు, నాకైతే నా పేరు అడిగినా ఆగి చెప్పెటట్టున్న. ఆయన దగ్గర నంబర్ తీసుకున్న, ఇగ ఆయన్ని కాకా అనే రాస్తా.

బయటికి పడ్డంక కొంచెం నయం. దామెర దాటి గూడెప్పాడ్ దాక నలభై మీద పోలే. ఆర్టీసీ బస్సోడు పక్కకొచ్చి నా మొఖం చూసి మరీ పోయిండు. ఖాళీ లారీ ఎత్తేస్తది, చిన్న బ్రేకుకే దుంకుతది, ఎడమ పక్క బైకోళ్ళు ఎక్కడికెళ్ళి వస్తరో తెల్వదు, అద్దంల కనపడరు, సడన్‌గ ముందర తేలుతరు. యాసంగి వడ్ల సీజన్ అది. శాయంపేట దిక్కు ఒక ఊర్ల, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర లోడు. 40 కిలోల బస్తాలు, 450 ఎక్కిచ్చిన్రు అంటే 18 టన్నులు. ఇంకో యాభై వేద్దాం అన్నరు రైతులు, వానొస్తదని వాళ్ళ తండ్లాట వాళ్ళది, ఎవలి వడ్లు వాళ్ళకు ముందల పోవాలె. నేను వద్దన్న. వద్దని చెప్పుడు గూడ నాకు అప్పుడు పెద్ద పనే, గొంతు పిల్లి లెక్క వచ్చింది.

లోడు పడ్డంక అదే బండి ఇంకో బండైంది. పొద్దున దుంకిన బ్రేకు ఇప్పుడు తొక్కినా ఇంకా ముందటికే పోతాంది. దూరం నుంచే కాలు తీయాలె, గేర్ తగ్గియ్యాలె, ఇంజను పొగను అడ్డుకొని బండిని మెల్లగ చేసే ఎగ్జాస్ట్ బ్రేకు వాడాలె. ఇది ఒక గంటల తెలిసిపోయింది. నేను భయపడ్డదంతా ఈ రోడ్డు గురించే, రోడ్డు నన్ను ఏం అనలే.

మిల్లు దగ్గర ఇజ్జత్ పోయింది.

పరకాల దిక్కు ఒక మిల్లు, పేరు వద్దు. ముందర లారీల లైను, పొద్దున పదకొండుకు పోతే రాత్రి ఎనిమిదికి లోపటికి రమ్మన్నరు. గేట్లకెళ్ళి రివర్స్‌ల పోయి షెడ్డుకు పెట్టాలె. గేటు వెడల్పు, బండి వెడల్పు, మధ్యల ఒక మూరెడు. శీకటి. నలుగురు హమాలీలు వెనుక నిలబడ్డరు, ఒకాయన రానీ రానీ అంటడు, ఇంకొకాయన ఎడమకు కొట్టు అంటడు, మూడో ఆయన అరే కుడికిరా అంటడు, నాలుగో ఆయన ఊకెనే నవ్వుతాండు. నేను నలుగురి మాటా విన్న. హోల్డాన్ అని ఎవలో మొత్తుకునే లోపట పటేల్‌మన్నది. ఎడమ పక్క వెనుక లైటు పోయింది, గేటు దిమ్మె సిమెంటు ఇంత పెచ్చు లేచింది. గుమాస్తా ఉరికొచ్చి నన్ను, మా ఏజెంటును, లైసెన్స్ ఇచ్చినోళ్ళను అందర్నీ కలిపి తిట్టిండు. మొత్తం ఆగమాగం. ఓనర్ ఫోన్ల ఒక్కటే మాట అన్నడు, లైటు పైసలు కట్ అయితయి అని. ఆ రోజు కూలి వెయ్యి రూపాయలల్ల నా చేతికొచ్చింది ఎంతో రాయను.

ఇంటికి రాంగ తెల్లారింది. ఫోన్ స్విచాఫ్ చేసిన. రెండు రోజులు. మా బాపు ఏమడగలే, పొలం కాడికి పోయి వస్తున్నడు. నేను పికప్ ఓనర్‌కు ఫోన్ చేసి మళ్ళ వస్తా అని చెప్పేదానికి మాటలు గూడ తయారు చేసుకున్న. మూడో రోజు మా ఇంటామె "ఆ గాలి కాకకు చేసి చూడరాదు" అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది, ఎందుకంటే నేను కూడ అదే అనుకుంటున్న, ఆమె ముందల అన్నది.

కాకా అదే రోజు మాపటికి రమ్మన్నడు. డీజిల్ బంకు వెనుక లారీలు ఆపే ఖాళీ జాగ ఉంది, అక్కడ రెండు ఇటుకలు పెట్టి ఒక దాని మీద నా చెప్పు, ఇంకో దాని మీద ఆయన చెప్పు పెట్టిండు. ఇదే గేటు, పెట్టు అన్నడు. పెట్టలే. ఆయన చెప్పు మీదికెళ్ళి టైరు పోయింది. "కొత్తయి కాదు తీయి" అని మళ్ళ సరిజేసి పెట్టిండు. ఇరవై సార్లకు తక్కువ కాకుంట చేపిచ్చిండు, కాళ్ళకు చెప్పుల్లేకుంట నిలబడి.

ఆయన చెప్పినదాంట్ల నాకు బాగ పనికొచ్చింది ఒకటి, వీలైనకాడ రివర్స్ డ్రైవర్ సైడుకే తిప్పుకోవాలె. మన స్టీరింగ్ కుడి పక్క ఉంటది, కుడి అద్దంల వెనుక టైరు కనపడతది, తల బయటికి పెట్టినా కనపడతది, ఎడమ పక్కకు తిప్పితే బండి బాడీ తప్ప ఏం కనపడదు. దాని కోసం కొంచెం ముందటికి పోయి, చుట్టు తిరిగి రావాల్సొస్తే తిరిగి రా, ఎవడు తిట్టినా తిట్టనీ అన్నడు. ఇంకోటి, వెనుక ఎంతమందున్నా ఒక్కన్నే చెప్పమనాలె, మిగిలినోళ్ళను పక్కకు జరగమనాలె, ఆ ఒక్కడు అద్దంల కనపడకపోతే బండి ఆపాలె. నేను అడిగిన, దిగి చూస్తే నవ్వుతరు కదా కాకా అని. "దిగితే నీ ఇజ్జతేం పోదురా, దిగకపోతే లైటు పోతది" అన్నడు. లైటు ముచ్చట ఈయనకెట్ల తెల్సో, నేనైతే చెప్పలే. లారీ అడ్డా మీద ముచ్చట దాగదు.

నాలుగో రోజు ఏజెంటు ఫోన్ ఎత్తిన. ఏజెంటు ఒక రౌండ్ తిట్టి, పొద్దున ఖాళీ ఉన్నవా అన్నడు. నేను బండి ఏదన్నా అని అడిగిన. ఇది మొదటిసారి. ఇంతకు ముందు జాగ ఎక్కడ, టైం ఎంత, గీ రెండే అడిగేటోన్ని. ఏ బండో రాత్రే తెలిస్తే పండుకునే ముందల మనసుల ఒకసారి ఎక్కి దిగొచ్చు.

తెల్లారి పోయి అక్కడున్న డ్రైవర్‌ను పట్టుకొని "అన్నా, ఈ బండి నాకు కొత్త, రివర్స్ గేరు ఎటుంది, ఇంకేమన్న కిరికిరి ఉందా" అన్న. ఈ ఒక్క మాట నోట్లకెళ్ళి రానీకి నాకు పది రోజులు, ఒక లైటు, ఒక జత చెప్పులు ఖర్చైనయి. ఆయన నవ్వుతడేమో అనుకున్న, ఐదు నిమిషాలు కాదు ఇరవై నిమిషాలు చెప్పిండు. సెకండ్ గేరు జర కిందికి గుంజి వెయ్యాలె, ఎడమ అద్దం సగం దూరం పోయేసరికి వదులైతది గుడ్డ పెట్టు, హారన్ తడిస్తే మోగదు. డ్రైవర్లకు బండి గురించి చెప్పమంటే పెండ్లాం గురించి చెప్పినట్టే, ఆపరు. నవ్వినోళ్ళు లేరా అంటే ఉన్నరు, ఒకడైతే "లైసెన్స్ కొన్నవా" అన్నడు. నవ్వుకుంటనే చూపెట్టిండు గదా, నాకు కావాల్సింది అదే.

ఇంకో రోజు ఏజెంటు ట్రైలర్ ఉంది, గ్రానైట్ బ్లాకులు, కరీంనగర్ నుంచి అన్నడు, పైసలు గూడ ఎక్కువే. ట్రైలర్ రివర్స్ అంటే స్టీరింగ్ ఇటు తిప్పితే వెనుకది అటు పోతది, నేను ఎన్నడు పెట్టలే. నాకు రాదన్నా అన్న. ఫోన్ కట్ చేసిండు. రెండు రోజులు పిలవలే, ఇగ నా పని అయిపోయిందనుకున్న, మూడో రోజు 10 టైర్ల బండికి పిలిచిండు. ట్రైలర్ సంగతి ఆయన ఎత్తలే, నేను ఎత్తలే.

బుగులు మొత్తం పోయిందా అంటే లేదు. ఇప్పటికీ మబ్బుల లేవంగనే కడుపుల అదే తిప్పుడు, గని బజర్ ఆగేదాక కూసున్న ఐదు నిమిషాలల్ల సగం తగ్గుతది. ఒక తువ్వాల మెడల వేసుకుంటున్న, చెమట చేతులకు. మిల్లు లైన్ల నిలబడుడు మాత్రం నాకు ఇంకా అలవాటు కాలే. 1961ల వచ్చిన మోటారు కార్మికుల చట్టంల రోజుకు 8 గంటలు అని రాసి ఉండెనట, పోయిన వారం ఒక మిల్లు ముందర 19 గంటలున్న, అది ఏ లెక్కల రాస్తరో ఎవలన్నా చెప్పాలె. నిద్ర సాలకుంట స్టీరింగ్ పట్టుడే నాకు ఇప్పుడు నిజం భయం, రివర్స్ కాదు. మొన్న రాత్రి ఒంటిగంటకు ఖాళీ అయితే ఆత్మకూరు దగ్గర పక్కకు ఆపి పండుకున్న, ఓనర్ పొద్దున ఫోన్ చేసి లొల్లి పెట్టిండు, పెట్టనీ.

నిన్న రాత్రి అన్నం తింటాంటే మళ్ళ ఫోన్, స్పీకర్ల పెట్టిన. బీఎస్6 బండి, కొత్తది, ఏటూరునాగారం పోవాలె, "ఎక్కే ముందల యూరియా చూసుకో, తక్కువుంటది, ఇరవై లీటర్ల బకెట్ క్యాబిన్ల ఉంది, పోసుకొని పో" అన్నడు ఏజెంటు. 2020 నుంచి వచ్చే ఈ బీఎస్6 బండ్లకు డీజిల్ ట్యాంకు పక్కన ఇంకో చిన్న ట్యాంకు ఉంటది, నీలం మూత, పొగ శుభ్రం చేసే మందు అండ్ల పోస్తరు. అది యూరియా కలిపిన నీళ్ళే, అయిపోతే ఇంజను గుంజుడు బంద్ చేస్తది. నేను సరే అన్నా, రివర్స్ ఎటుంది అని అడుగుతున్న.

మా బాపు ముద్ద పట్టుకొని ఆగిండు. వానాకాలం వస్తే యూరియా కోసం సొసైటీ ముందర లైన్ల చెప్పులు పెట్టి తెల్లారేదాక చూసే మనిషాయె. ఫోన్ పెట్టంగనే "లారీకి గూడ దొరుకుతాందారా యూరియా" అన్నడు. దొరుకుతాంది బాపు, బకెట్లల్ల వస్తది అన్న. కొంచెంసేపు ఏమనలే. తర్వాత చెయ్యి కడుక్కుంట, "మనకు రెండు బస్తాలు సూడుమను మీ ఏజెంటును" అన్నడు.