గునుగుకు కూడా కాపలానా?

నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నా. రేపు ఎంగిలిపూల బతుకమ్మ కదా, మేమంతా కలిసి పెంచుతున్న మన నేల మొక్కల తోటలో పూలు పోతాయని ముందే తెలుసు. పూలు పోతే నాకేం బాధ లేదు. పొద్దున వెళ్లి చూస్తే తంగేడు కొమ్మలకు కొమ్మలే విరిచేసి ఉన్నాయి, విరిగిన చోట బెరడు జానెడు పొడుగున చీలి వేలాడుతోంది. గునుగైతే వేళ్లతో సహా పీకేశారు. ఒక చిన్న కత్తెర తెచ్చుకుంటే ఏం పోయింది? క్యారీబ్యాగులు తెచ్చుకోవడం మాత్రం మర్చిపోలేదు, చినిగినవి అక్కడే పడేసి పోయారు కూడా.

ఆ మూల మొన్నమొన్నటిదాకా వయ్యారిభామ తప్ప ఇంకేమీ మొలవని జాగా. చేతులకు దద్దుర్లు తెచ్చుకుని మరీ పీకాం, ఆ తర్వాత చేతికి అంటుకుంటే విదిలించినా రాలని ఆ నల్లటి సన్న గునుగు గింజలు చల్లుకున్నాం. గునుగు ఒక్క ఏడాది మొక్క. గింజ రాలకముందే పీకితే వచ్చే వానాకాలం ఏం మొలుస్తుంది, మట్టా?

మా తోట గ్రూపులో ఒక సార్ ఉన్నారు, మధ్యాహ్నానికల్లా 'పూలు కోయరాదు, కోసినవారికి జరిమానా' అని బోర్డు డిజైన్ గ్రూపులో పెట్టేశారు. నేనే ముందు ఓకే అన్నా. విరిగిన కొమ్మ మీద పచ్చటి గొంగళిపురుగులు ఇంకా ఆకు తింటూనే ఉన్నాయి (రెక్కలొస్తే పాలరంగు సీతాకోకచిలుకలవుతాయి), వాటిని పక్క పొదలోకి మార్చడం ఒక్కటే ఇవాళ కాస్త సంతోషం.

సాయంత్రం గేటు దగ్గర ఒక పెద్దమ్మ ఆపింది. "బిడ్డా, లోపల గునుగున్నదట, పిడికెడు కోసుకుంట." కుదరదన్నాను. "గునుగుకు గూడ కాపలానా? చేన్ల కాడ గడ్డి లెక్క ఉంటుండె. ఇప్పుడంత గడ్డిమందు కొట్టుడేనాయె, ఏడికని పోవాలె?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి నానమ్మే గుర్తొస్తోంది. పరకాల దగ్గర మా ఊళ్లో అమావాస్య పొద్దున మమ్మల్నందరినీ వెంటేసుకుని చెరువుకట్ట దాటి చేన్లలోకి తీసుకెళ్లేది. జొన్నచేలో గునుగు మోకాళ్లదాకా ఉండేది, మంచుకు లంగాలు తడిసి కాళ్లకు అంటుకునేవి. చేను ఎవరిదైనా సరే, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, వాళ్లకదెలాగూ కలుపే. తంగేడును మాత్రం మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు, తనే కొమ్మ వంచి, పూలగుత్తి వరకే గోటితో గిల్లి వంచిన కొమ్మను మెల్లగా వదిలేది. ఇంటికొచ్చాక గునుగు కట్టలు కట్టి గులాబీ రంగు నీళ్లలో ముంచితే వారం దాకా మా వేళ్లు అదే రంగు.

అదే చేలో ఇప్పుడు పత్తి. ఇక్కడ హనుమకొండ చౌరస్తాలో గునుగు కట్ట వాళ్లు చెప్పిందే రేటు. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం, తీరా పండగకు కోసుకుందామంటే ఊరి చుట్టూ సర్కారు తుమ్మ. మరి మన నేల మొక్కలు అని ఇంత కష్టపడి పెంచి, చివరికి బతుకమ్మకు కోయొద్దని బోర్డు పెడితే ఎవరి కోసం పెంచినట్టు? ఫొటోల కోసమా?

అలాగని ఆ కొమ్మలు విరిచినవాళ్ల మీద కోపం పోలేదు, పోదు కూడా. గేటు పక్క వరుస కోసుకోవడానికి వదిలేద్దాం, వెనక మూల గునుగు విత్తనానికి ఉంచుదాం, ఒక కత్తెర తాడుతో స్తంభానికి కడదాం అని ఇప్పుడే గ్రూపులో పెట్టాను. సార్ చూశారు, జవాబు లేదు. మావారైతే చివరి రోజు సద్దుల బతుకమ్మ లోపే తాడుతో సహా కత్తెర పోతుందంటున్నారు.