ఇంట్లో టికీ కాక్‌టెయిల్స్: ఆరు నెలల పద్దు

మొదటి నెల: అయిదు దినుసులు, ఒక త్రాసు

రమ్, పండ్ల రసాలు, సువాసన పాకాలు ఐసుతో కలిపి చేసే మద్యపానీయాలను టికీ కాక్‌టెయిల్స్ అంటారు. వాటిలో మై టై ఒక్కటి సరిగా కుదిరేవరకు మరో పానీయం జోలికి పోకూడదన్న నియమంతో ఈ పని మొదలుపెట్టాను. టికీ పానీయాలకు కావలసిన సీసాల జాబితాను మొదటిసారి చూసినవారికి గుండె జారుతుంది. మై టైకి మాత్రం రమ్, నిమ్మరసం, క్యురసావ్ అనే నారింజ తొక్క రుచిగల తియ్యని మద్యం, ఓర్జా అనే బాదం పాకం, చక్కెర పాకం ఉంటే చాలు. ట్రేడర్ విక్ అని పేరుపడిన విక్టర్ బెర్జెరాన్ తాను దీనిని 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, 17 ఏళ్ళు పీపాలో ఉంచిన జమైకా రమ్‌తో తయారుచేశానని చెప్పుకున్నారు. ఆ రమ్ నిల్వలు తరిగిపోయాక ఆయనే రెండు మూడు రమ్ములను కలిపి ఆ రుచికి దగ్గరగా తీసుకురావలసి వచ్చింది. కాబట్టి ఫలానా సీసా లేకపోతే మై టై కాదని బెంగపడనక్కరలేదు.

నేను స్థిరపరచుకున్న కొలత ఇది: రమ్ 60 మిల్లీలీటర్లు, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం 22, క్యురసావ్ 15, ఓర్జా 7.5, రెండు పాళ్ళ చక్కెరకు ఒక పాలు నీరు చొప్పున చేసిన పాకం 7.5. విక్ అసలు వంటకంలో నిమ్మరసం ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది గాని, నా నాలుకకు ఈ పులుపే సరిపోయింది.

నేను మొదట కొన్న పనిముట్టు పానీయాన్ని ఐసుతో కుదిపి కలిపే షేకర్ కాదు, ఒక్కో గ్రామునూ చూపించే వంటింటి త్రాసు. 30 మిల్లీలీటర్ల నీరు 30 గ్రాములు తూగాలి కాబట్టి, నా దగ్గరున్న జిగ్గర్‌ను, అంటే రెండువైపులా గిన్నెలుండే చిన్న కొలపాత్రను, గీత వరకు నీటితో నింపి తూచాను. అది 26 గ్రాములే తూగింది. రమ్ విషయంలో ఆ తేడాను నాలుక పట్టుకోకపోవచ్చు గాని, నిమ్మరసంలో నాలుగు మిల్లీలీటర్లు తగ్గితే పానీయం తీపెక్కి చప్పబడుతుంది. అంతకు ముందు రెండు వారాలుగా నేను తప్పంతా ఓర్జా మీద నెట్టుతూ వచ్చాను. అసలు దోషం కొలపాత్రది. ఇప్పుడు లోపలివైపు 7.5 నుంచి 60 వరకు గీతలున్న పొడవాటి పాత్రను వాడుతున్నాను. పాత వంటకాలు ఔన్సులలో ఉంటాయి కనుక ఔన్సును 30గా, ముప్పావు ఔన్సును 22గా, పావు ఔన్సును 7.5గా రాసిన చీటీ ఒకటి అల్మరా తలుపుకు లోపలివైపు అంటించాను.

నిమ్మకాయలు పిండడానికి చేతితో నొక్కే రెండు పిడుల పనిముట్టు చాలు. కోసిన వైపు రంధ్రాల మీద ఉండేలా నిమ్మచెక్కను పెట్టాలి. పిండిన తరువాత తొక్క లోపలి భాగం బయటికి తిరుగుతుంది, ఆ నొక్కుడుకు తొక్కలోని సువాసన నూనె కూడా కొంత రసంలోకి దిగుతుంది. నేను చాలా రోజులు తలకిందులుగా పెట్టి, రసంలో సగం తొక్కలోనే వదిలేశాను. పిండిన రసాన్ని సన్నని జల్లెడలో వడకట్టి ఆ రోజే వాడేయాలి. మరునాటి రసంలో పులుపు ఉంటుంది గాని పరిమళం ఉండదు.

రెండవ నెల: ఐసు

ఈ నెలంతా ఒక్క కొత్త సీసా కూడా కొనలేదు, అయినా పానీయం అన్నిటికన్నా ఎక్కువగా మెరుగుపడింది ఈ నెలలోనే. టికీ పానీయాలలో చాలావాటికి కావలసినది నలగగొట్టిన ఐసు. చిన్న ముక్కలకు మొత్తం మీద ఉపరితలం ఎక్కువ కాబట్టి పానీయాన్ని త్వరగా చల్లబరుస్తాయి, అంతే త్వరగా కరిగి పలచన చేస్తాయి. ఆ పలచన పానీయంలో భాగమే, దాన్ని దోషంగా చూడకూడదు. కరీబియన్ దీవుల రమ్ పానీయమైన ప్లాంటర్స్ పంచ్‌కు చెప్పే పాత సూత్రం ఒక పాలు పులుపు, రెండు పాళ్ళు తీపి, మూడు పాళ్ళు ఘాటు, నాలుగు పాళ్ళు పలచన అని లెక్కగడుతుంది. అన్నిటికన్నా పెద్ద వాటా నీటిదే. అంత వాటా ఉన్నదాన్ని కొలవకుండా వదిలేయడం సరికాదనిపించి, అది ఎంత చేరుతున్నదో తూచి చూశాను.

ఐసు వేయకముందు నా మై టై సుమారు 112 మిల్లీలీటర్లు ఉంటుంది. బల్ల మీద పది నిమిషాలు ఉండి చెమ్మగిల్లిన ఐసుతో పది సెకన్లు షేక్ చేసి వడకట్టితే అది 190 దాకా పోయింది. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన పొడి ఐసుతో అదే పది సెకన్లకు 165 దగ్గర ఆగింది. అంటే పాతిక మిల్లీలీటర్ల నీరు కేవలం నా ఆలస్యం వల్ల పానీయంలో చేరుతున్నది. అప్పటినుంచి వరుస మార్చుకున్నాను: ముందు రసం పిండుకొని, ద్రవాలన్నీ షేకర్‌లో కొలిచి పోసి, గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టి, ఆఖరున మాత్రమే ఐసు కొడతాను.

ఐసు కొట్టడానికి మందపాటి కాన్వాస్ గుడ్డసంచి, కొయ్య సుత్తి వాడుతున్నాను. ఆ సంచిని లూయిస్ బ్యాగ్ అంటారు. కొడుతున్నప్పుడు కరిగిన నీటిని గుడ్డే పీల్చుకుంటుంది కాబట్టి ముక్కలు పొడిగా బయటికి వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో కొడితే ఆ నీరంతా ముక్కలతోనే ఉండిపోతుంది, పైగా రెండో దెబ్బకే సంచి చిరుగుతుంది. పని అయిన వెంటనే గుడ్డసంచిని తిరగేసి ఆరబెట్టకపోతే ముక్కవాసన పడుతుంది. ఆ వాసన ఐసుకూ అంటుతుంది. మై టైని నేను వడకట్టను. ఐసుతో సహా గ్లాసులోకి ఒంపి, పైన కొద్దిగా కొత్త ఐసు వేసి, పిండిన నిమ్మచెక్కనూ పుదీనా రెమ్మనూ ముక్కుకు దగ్గరగా ఉండేటట్టు పెడతాను. పుదీనాను నలపకుండా అరచేతిలో ఒక్కసారి చరిస్తే వాసన లేస్తుంది.

ఇక్కడే స్విజిల్ కర్ర గురించి ఒక మాట. కరీబియన్ దీవి అయిన మార్టినిక్‌లో దీనిని బ్వా లేలే అంటారు. కరీబియన్ ప్రాంతపు ఒక చెట్టు కొమ్మలు ఒకే కణుపు దగ్గర చుట్టూ బండిచక్రపు ఆకుల్లా విచ్చుకుంటాయి; ఆ కణుపును కోసి ఎండబెడితే సహజంగానే కవ్వం తయారవుతుంది. దాన్ని ఐసులో దించి రెండు అరచేతుల మధ్య తిప్పాలి, గ్లాసు బయట మంచు పట్టగానే ఆపాలి. నా దగ్గర ఇంకా అది లేదు. పొడవాటి చెంచాతో నెట్టుకొస్తున్నాను, అది కవ్వానికి సాటి రాదు.

మూడవ, నాల్గవ నెలలు: పాకాలు

బజారు ఓర్జా సీసా ఒకటి వాడి చూశాక, అందులో బాదం కన్నా ఎసెన్సు ఎక్కువగా తగిలినందువల్ల ఇంట్లోనే చేయాలని నిశ్చయించుకున్నాను. ఓర్జా అనే మాట ఫ్రెంచివారి బార్లీ పేరు నుంచి వచ్చింది. మొదట్లో ఇది బార్లీ పానీయం, కాలక్రమంలో బాదం మిగిలి బార్లీ జారిపోయింది. పొట్టు తీసిన 200 గ్రాముల బాదం పప్పును నాలుగు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, 400 మిల్లీలీటర్ల వేడినీటితో బరకగా రుబ్బి, గంటసేపు ఉంచి, పలుచని గుడ్డలో గట్టిగా పిండుతాను. వచ్చిన పాలను తూచి, అంతే బరువు చక్కెర వేసి, చిన్న మంట మీద కరిగేదాకా మాత్రమే కలుపుతాను. పొంగు రానిస్తే నూనె విడిపోయి పైకి తేలుతుంది. చల్లారాక అర చెంచా నారింజ పూల నీరు, 30 మిల్లీలీటర్ల రమ్ చేరుస్తాను. నారింజ పూల నీరు సీసాసీసాకు ఘాటు మారుతుంది కనుక పావు చెంచాతో మొదలుపెట్టి రుచి చూడడం క్షేమం. రెండో విడతలో ఒక చెంచా నిండుగా పోసి, మొత్తం పాకాన్ని అత్తరు వాసనతో పాడుచేసుకున్నాను. ఫ్రిజ్‌లో పెట్టినా ఇది రెండు పొరలుగా విడిపోతుంది, వాడేముందు సీసాను గట్టిగా ఊపాలి. రెండు వారాలకు మించి నేను ఉంచను.

వాడవలసినది తీపి బాదం మాత్రమే. చేదు బాదంలోని అమిగ్డలిన్ నుంచి సయనైడ్ పుడుతుంది కాబట్టి వాసన కోసం కూడా వాటిని చేర్చకూడదు. ఇంటికి వచ్చినవారికి గ్లాసు అందించే ముందు బాదం, ఇతర గింజపప్పులు పడవా అని అడగడం ఇప్పుడు నా అలవాటు, ఎందుకంటే చూసినవారికి అందులో బాదం ఉన్నదని తెలియదు.

బార్బడోస్‌కు చెందిన ఫెలర్నమ్ నిమ్మతొక్క, లవంగం, అల్లంతో చేసే పాకం. ఘాటైన తెల్ల రమ్ 180 మిల్లీలీటర్లలో ఎనిమిది నిమ్మకాయల పచ్చని పైతొక్క, 40 లవంగాలు, సన్నగా తరిగిన 40 గ్రాముల అల్లం వేసి ఒక రోజు నానబెట్టి, వడకట్టి, చిక్కటి చక్కెర పాకం 400 మిల్లీలీటర్లు కలిపాను. మొదటిసారి రెండు తప్పులు జరిగాయి. తొక్కతోపాటు తెల్లని పొర కూడా గీకడం వల్ల చేదెక్కింది; ఇంకా బాగుంటుందని మూడు రోజులు నానబెట్టినందువల్ల లవంగం నాలుకను మొద్దుబార్చింది. 24 గంటలు దాటనివ్వకుండా చేసిన రెండో విడత ఇప్పటికీ నా ఫ్రిజ్‌లో నేను గర్వపడే సీసా.

మిగిలినవి తేలిక. చక్కెర, నీరు సమపాళ్ళలో తీసుకొని, అర లీటరుకు మూడు దాల్చినచెక్కలు విరిచివేసి, రెండు నిమిషాలు మరిగించి, మూతపెట్టి రెండు గంటలు ఉంచితే దాల్చినచెక్క పాకం సిద్ధం. డెమెరారా అనే గోధుమరంగు చక్కెరతో చేసే పాకానికి రెండు పాళ్ళ చక్కెరకు ఒక పాలు నీరు; చక్కెర కరిగితే చాలు, తీగపాకం రానివ్వకూడదు. తేనెను సమానంగా గోరువెచ్చని నీటితో పలుచన చేసి పెట్టుకోవాలి, నేరుగా ఐసులో పోస్తే గడ్డకట్టి అడుగున అంటుకుంటుంది. చక్కెర ఎక్కువున్న పాకం ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రతి సీసా మీదా తయారుచేసిన తేదీ రాయడం అన్నిటికీ వర్తించే నియమం.

అయిదవ నెల: రమ్ములు, జాంబీ

రమ్‌ను రంగు చూసి కొనడం నేను మానేశాను. పీపాలో ఏళ్ళపాటు ఉన్న రమ్‌ను బొగ్గుతో వడకట్టి తెల్లగా చేయవచ్చు, లేత రమ్‌కు కారమెల్ కలిపి ముదురుగా చేయవచ్చు; రంగు చెప్పేది తక్కువ. తెలుసుకోవలసినది అది దేనితో, ఎలా తయారైందన్నదే. నా అల్మరాలో ఇప్పుడు నాలుగు రకాలున్నాయి. మొదటిది పాట్ స్టిల్ అనే బట్టీలో వండిన జమైకా రమ్, బాగా మాగిన అరటిపండు వాసన దీని గుర్తు. రెండవది కాలమ్ స్టిల్ అనే నిలువు గొట్టపు బట్టీలో తేలికగా వచ్చిన ప్యూర్టోరికో రమ్. మూడవది గయానాకు చెందిన, మాడిన చక్కెర రుచి గల డెమెరారా రమ్. నాలుగవది మార్టినిక్‌లో చెరకు మడ్డితో కాక తాజా చెరకు రసంతో చేసే అగ్రికోల్. ఆ దీవి అగ్రికోల్‌కు 1996 నుంచి ఫ్రాన్స్ మూలస్థాన నిబంధనలు వర్తిస్తున్నాయి. ఒకేసారి ఒకటే కొని, దానితో పది గ్లాసులు చేసి, ఆ తరువాతే రెండోదానికి వెళ్ళాను. నలుగురిని ఒకే రోజు పరిచయం చేస్తే ఎవరి ముఖమూ గుర్తుండదు కదా.

డాన్ బీచ్ సృష్టించిన ఘాటైన టికీ పానీయం జాంబీకి ఈ నెలలో ధైర్యం చేశాను. 1930లలో హాలీవుడ్‌లో డాన్ ది బీచ్‌కోంబర్ పేరుతో పానశాల నడిపిన డాన్ బీచ్ తన వంటకాలను సొంత పనివారికి కూడా చెప్పకుండా, సీసాల మీద సంకేతాలు మాత్రమే రాయించేవారు. ఆ సంకేతాలలో డాన్స్ మిక్స్ అన్నది రెండు పాళ్ళ గ్రేప్‌ఫ్రూట్ రసం, ఒక పాలు దాల్చినచెక్క పాకమని చాలా కాలం తరువాత జెఫ్ బెర్రీ అనే పరిశోధకుడు వెలికితీశారు. 1934 నాటిదిగా చెప్పే జాంబీలో నిమ్మరసం 22, డాన్స్ మిక్స్ 15, ఫెలర్నమ్ 15, ప్యూర్టోరికో రమ్ 45, జమైకా రమ్ 45, 75.5 శాతం ఆల్కహాల్ ఉన్న డెమెరారా రమ్ 30, ఒక చెంచా దానిమ్మ పాకం, అంగోస్తురా బిట్టర్స్ అనే చేదు మూలికా సారం కాస్త, ఆరు చుక్కల సోంపు వాసన మద్యం ఉంటాయి. మామూలు రమ్ములను 40 శాతంగా లెక్కవేసినా, ఈ ఒక్క గ్లాసులోని ఆల్కహాల్ దాదాపు 145 మిల్లీలీటర్ల మామూలు రమ్‌కు సమానం. డాన్ ఒక్కొక్కరికి రెండుకు మించి ఇచ్చేవారు కాదు. నేను ఒకటి చేసి ఇద్దరం పంచుకుంటాము, ఆ రాత్రి బండి తాళాలు ఎవరూ ముట్టుకోరు.

డాన్ పద్ధతిలో దీనిని షేక్ చేయరు, మిల్క్‌షేక్‌లకు వాడే కడ్డీ మిక్సర్‌లో నలిగిన ఐసుతో అయిదు సెకన్లు మాత్రమే తిప్పుతారు. ఆ యంత్రం అడుగున బ్లేడు ఉండదు. కడ్డీ చివరి చిన్న బిళ్ళ ద్రవాన్ని సుడి తిప్పి గాలి చేర్చుతుంది గాని ఐసును కోయదు. మామూలు బ్లెండర్‌లో ప్రయత్నిస్తే నాలుగో సెకనుకే ఐసు ముద్దయిపోయింది. కడ్డీ మిక్సర్‌కు వంటింటి బల్ల మీద చోటు దొరకడం కష్టమే అయినా, నా ఖర్చులో దీనికన్నా సార్థకమైనది త్రాసు ఒక్కటే.

నిమ్మచెక్కలో ఘాటు రమ్ పోసి నిప్పంటించే అలంకరణ నేను చేయను. చేసేవారు సీసాను దూరంగా పెట్టి, కొలపాత్రతోనే పోయాలి. మంట ఉండగా సీసా నుంచి నేరుగా పోస్తే నిప్పు సీసాలోకి పాకుతుంది. టికీ మగ్గులు కూడా కొనలేదు. ఆ బొమ్మలు పాలినీషియా ప్రజలకు పవిత్రమైన రూపాల నుంచి తీసుకున్నవి, పానీయాలేమో కరీబియన్ రమ్‌తో కాలిఫోర్నియాలో పుట్టినవి. నాకు మామూలు గాజు గ్లాసే మనసుకు హాయిగా ఉంది. పాత పింగాణీ మగ్గులు సేకరించేవారు వాటి మెరుగులో సీసం లేదని తెలిస్తేనే పుల్లని పానీయం పోయాలి.

ఆరవ నెల: ఐసు శంకువు

ప్రస్తుతం నేవీ గ్రాగ్ అనే మరో టికీ పానీయం మీద ఉన్నాను. మూడు రకాల రమ్ములు 30 చొప్పున, నిమ్మరసం 22, గ్రేప్‌ఫ్రూట్ రసం 22, తేనె పాకం 30, సోడా 22. రుచి మొదటి ప్రయత్నంలోనే కుదిరింది; కష్టమంతా గ్లాసు మధ్యలో స్ట్రా చుట్టూ నిలబడవలసిన ఐసు శంకువుది. సన్నగా నూరిన ఐసును అడుగు సన్నగా ఉండే పొడవాటి గ్లాసులో దట్టించి, నడుమ పుల్లతో రంధ్రం చేసి, ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచాలి. మొదటిది బయటికి తీయగానే రెండుగా విరిగింది, రెండవది రంధ్రం మూసుకుపోయి స్ట్రా దిగలేదు. మూడవసారి దట్టించేముందు ఐసు మీద రెండు చెంచాల నీరు చిలకరించి, పుల్లను రాత్రంతా అందులోనే ఉంచి, తీసేముందు గ్లాసు బయట గోరువెచ్చని నీరు పోశాను. అది చెక్కుచెదరకుండా జారి వచ్చి, పానీయం పూర్తయ్యేదాకా నిలబడింది.